కూసాల కింద ఊదారంగు

జయకర్ మాస్టారికి ఒక గర్వం ఉండేది. తన రంగుల పెట్టెలో నలుపు ఉండదని. కొనలేక కాదు. నీడ నల్లగా ఉంటుందనుకునేవాళ్ళు కళ్ళు సరిగ్గా తెరవనివాళ్ళని ఆయన నమ్మకం. మద్రాసులో బొమ్మలు నేర్చుకునే రోజుల్లో ఐరోపా చిత్రకారులు వేసిన తోటలూ కొండలూ అచ్చులో చూశాడు. వాళ్ళు చెట్టు నీడలో ఊదా పెట్టారు, గోడ నీడలో నీలం పెట్టారు. అప్పటినుంచి ఆయనకు నలుపంటే చిన్నచూపు. జమ్మలమడుగు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరై, పిల్లల చేత మామిడికాయలూ కూజాలూ గీయించే ఉద్యోగంలో పడ్డాక కూడా ఆ గర్వం తగ్గలేదు. చెప్పుకోవడానికి ఇంకేమీ లేనివాడికి ఇట్లాంటి గర్వాలే మిగులుతాయి.

సెలవుల్లో ఆయన అంగళ్ళకు బోర్డులు రాసేవాడు. ఎన్నికలొస్తే గోడలు రాసేవాడు. పొద్దున ఒక పార్టీ గుర్తు వేసిన కుంచెనే కడుక్కుని సాయంత్రం ఇంకో పార్టీ గుర్తు వేసేవాడు. చర్చిలో ఎవరైనా ఆ మాట ఎత్తితే, రంగుకు పార్టీ ఏముంది, అనేవాడు. అది శుద్ధ అబద్ధమని ఆయన చేతులకు తెలుసు. అవి ఊదారంగు అంటుకున్న చేతులు మరి.

ఆ ఊదారంగు కథ కొంచెం చెప్పాలి. ఆ సంవత్సరాల్లో పులివెందుల వైపు పల్లెల్లో పార్టీ అంటే జెండా కాదు, మనిషి. పైన ఏ జెండా ఎగిరినా కింద రెండే వర్గాలు, సుబ్బరాయుడిది ఒకటి, ఓబులేసుది ఒకటి. ఏ వర్గమూ కాదన్నవాడి ఇంట్లో చావు జరిగినా మోయడానికి మనిషి రాడు. ఓబులేసు ఒకసారి గండి గుడికి మొక్కు తీర్చుకోవడానికి పోతే, అక్కడెవరో జాతకం చూసి, నీకు ఊదారంగు కలిసొస్తుందని చెప్పాడట. అంతే, జీపుకు ఊదా, ఇంటి గేటుకు ఊదా, ట్రాక్టరుకు ఊదా. ఆయన పక్షాన చేరినవాళ్ళు పొలం గెట్ల మీది రాళ్ళకూ తోటల్లో పందిళ్ళు మోసే రాతి కూసాలకూ అడుగున జానెడు మేర అదే రంగు పూసుకోవడం మొదలుపెట్టారు. పూయమని ఎవరూ దండోరా వేయలేదు. అయినా కట్టుబాటైపోయింది. రాయి మొదలు చూస్తే చాలు, ఆ పొలం మనిషి ఎటువైపో తెలిసేది. ఎవరి తోట మీద పడాలో, ఎవరిది వదలాలో తేల్చుకోవడానికి కత్తి పట్టినవాళ్ళకు కూడా అదే ఆనవాలు.

ఆ రంగు అంగట్లో దొరికేది కాదు. ఎరుపులో నీలం పోసి, చిటికెడు తెలుపు కలిపి, లేత వంకాయ మీది మెరుపు తెప్పించడం ఆ చుట్టుపక్కల జయకర్ ఒక్కడికే చేతనయ్యేది. ఓబులేసు గేటు ఆయన వేసిందే. ఆ సంగతి అందరికీ తెలుసు. గేటుకు రంగు వేసినవాడిని ఎవరూ ఏమీ అనరు, మంగలినీ చాకలినీ అననట్టే. ఆ ధైర్యంతోనే ఆయన రెండు వర్గాల ఊళ్ళలోనూ తిరిగేవాడు.

అట్లా తిరుగుతూ ఉండగానే ఒక చైత్రమాసం పొద్దున బస్సు కిటికీలోంచి పుల్లన్న తోట కనపడింది.

పుల్లన్నవాళ్ళు తరతరాలుగా గొర్రెలు కాసినవాళ్ళు. తొండూరు అవతల కొండవాలులో వాళ్ళకు బీడు ఉండేది. పుల్లన్న మంద అమ్మేసి, బోరు వేయించి, ఆ వాలు మీద ద్రాక్ష పెట్టాడు. గొర్లు కూడా మేయని చోట ద్రాక్ష కాస్తుందా అని ఊరంతా నవ్వింది. ద్రాక్ష కాసింది. మెట్లు మెట్లుగా రాతి కూసాలు, వాటి మీద తీగె పందిళ్ళు, కొండ సగం దాకా పచ్చదనం ఎక్కింది. నవ్వినవాళ్ళే గంపలు పట్టుకుని కోతకు వచ్చారు. పుల్లన్న ఊరు సుబ్బరాయుడి వర్గం కాబట్టి పుల్లన్న కూడా సుబ్బరాయుడి వర్గం. అంతకు మించి అతనికి రాజకీయం లేదు. ఉన్న కాస్త తీరిక తోటకే చాలేది కాదు.

జయకర్ బస్సు దిగేశాడు. రాయవలసిన గోడ ఇంకా ముందు ఊళ్ళో ఉంది. ఆ గోడ సంగతి ఆయనకు గుర్తు రాలేదు. కాపు కోసి, కొమ్మలు కత్తిరించి, మళ్ళీ చిగుళ్ళు వేస్తున్న సమయం అది. పలుచటి ఆకుల్లోంచి పొద్దుటెండ దిగి కొండంతా లేత పసుపై ఉంది. పందిళ్ళ కింద, కూసాల మొదళ్ళలో నీడ చిక్కగా, చల్లగా, ఊదాగా ఉంది. బుద్ధెరిగినప్పటినుంచీ వెయ్యాలనుకున్న బొమ్మ ఇదేనని ఆయనకు అర్థమైంది. ఇంటికి పోయి, దాచుకున్న నూనె రంగుల గొట్టాలూ చెక్కల మీద బిగించిన గుడ్డా తెచ్చుకుని, వంక గట్టున కానుగ చెట్టు కింద కూర్చున్నాడు. ఆ సెలవులన్నీ అక్కడే గడిచాయి.

పుల్లన్న మొదట్లో అనుమానంగా చూశాడు. సర్వే చేయడానికొచ్చిన మనిషేమో అనుకున్నాడు. బొమ్మ అని తెలిశాక దగ్గరికొచ్చి, ముక్కు ఆనించేంతగా వంగి, ఏందప్పా ఇది, గోడకు పిడకలు కొట్టినట్టుందే, అన్నాడు. జయకర్ నవ్వి అతన్ని భుజాలు పట్టుకుని వెనక్కి నడిపించాడు. కొంత దూరం పోయాక పుల్లన్న ఆగిపోయాడు. పిడకలన్నీ కలిసి తోటైపోయాయి. తర్వాత పెండ్లాన్ని కేకేశాడు. చౌడమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చూసి, మన తోట ఇంత బాగుంటాదా, అంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం సంగటీ ఊరిబిండి పచ్చడీ జయకర్‌కు కూడా వచ్చేది.

ఒకరోజు పుల్లన్న మెల్లగా అడిగాడు, నీడకు ఆ రంగేందని. జయకర్‌కు అంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. అతన్ని కూచోబెట్టి, కళ్ళు సగం మూసి చూడమన్నాడు. ఎండ తగిలే రాయినీ తగలని రాయినీ పక్కపక్కన చూడు, అది నలుపా, బూడిదా, ఇంకేదన్నానా చెప్పమన్నాడు. పుల్లన్న చూశాడు. కనురెప్పలు బిగించి, మళ్ళీ వదిలి, మళ్ళీ చూశాడు. "అవునప్పా," అన్నాడు, "ఊదానే. ఇన్నేండ్లు ఈడనే ఉండి చూడకపోతిని." అతని గొంతులో ఆనందం నిజమైనది. జయకర్ తన బడిలో ఎంతమందికి పాఠం చెప్పాడో గానీ, నేర్చుకున్నవాడు ఆ ఒక్కడే.

కొండ మీది ఊదా, ఓబులేసు గేటు ఊదా ఒకే చేయి కలిపినవే. ఆ సంగతి జయకర్ తలలోకే రాలేదు. చూపు మీద అంత గర్వం ఉన్న మనిషికి కళ్ళెదుట ఉన్నది కనపడలేదు.

బొమ్మకు చట్రం కట్టించడానికి ప్రొద్దుటూరులో అబ్దుల్ సలాం అంగట్లో ఇచ్చాడు. సలాం దేవుళ్ళ పటాలకూ పెళ్ళి ఫోటోలకూ పోయినవాళ్ళ ఫోటోలకూ అద్దాలు బిగించేవాడు. ఈ బొమ్మ అతనికి తెగ నచ్చింది. చట్రం కట్టి, తీసుకుపోయేదాకా అందరూ చూస్తారని అంగడి ముందర నిలబెట్టాడు. పులివెందుల వైపు నుంచి సంతకొచ్చినవాళ్ళు ఆగి, ఇది పుల్లన్న తోట గదా, అనుకున్నారు. ఆ వార్త జయకర్ చెవిన పడింది. బొమ్మ తెచ్చుకునే నెపంతో, నిజానికి నాలుగు మెప్పుమాటలు వినడానికి, ఉతికిన చొక్కా వేసుకుని బయలుదేరాడు.

అంగడి ముందర జీపు ఉంది. లోపల కుర్చీలో సుబ్బరాయుడు టీ తాగుతూ, బొమ్మను మోకాళ్ళకు ఆనించుకుని చూస్తున్నాడు. ఆయన మనుషులు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడు ఆ రంగు ముద్దల్ని దగ్గర్నుంచి చూసి నవ్వు ఆపుకుంటున్నాడు.

సుబ్బరాయుడు గొంతు పెంచే మనిషి కాదు. జయకర్‌ను కూచోమన్నాడు, చెయ్యి మంచిదని మెచ్చుకున్నాడు, ఇంకో టీ చెప్పించాడు. తర్వాత బొమ్మలో కూసాల మొదళ్ళ మీద వేలు పెట్టి, ఒక్కొక్కదాన్నీ తాకుతూ పోయాడు.

"ఈ రంగు యాడిది అయివారూ?"

అప్పుడు తెలిసింది జయకర్‌కు. కొండ మీద అన్నాళ్ళూ తెలియనిది ఒక్క లిప్తలో తెలిసింది. అన్నా, అది నీడ, పొద్దున పూట నీడ ఆ రంగులోనే ఉంటుంది, అంటే చాలు. కానీ నీడ ఊదాగా ఉంటుందంటే గుమ్మంలో వాడు ఈసారి నవ్వు ఆపుకోడు. పైగా, ఓబులేసు గేటుకు రంగు కలిపిన నువ్వే తెచ్చి మావాడి తోటకు పూసినావా అని అడిగితే ఏం చెప్పాలి. ఆయన కళ్ళు తన కుడిచేతి మీద పడ్డాయి. ఆ రోజుల్లో చేతులు పోయినవాళ్ళు ఊరూరా ఉన్నారు.

భయం ఒక్కటే అయితే మనిషిని క్షమించవచ్చు. నవ్వుతారేమోనన్న సిగ్గు కూడా అందులో కలిసింది. ఏది ఎంత పాలు అన్నది ఆయన తర్వాత చాలాసార్లు తనను తాను అడుక్కున్నాడు. ఎప్పుడూ సరిగ్గా తేల్చుకోలేదు.

"నేను చూసింది చూసినట్టు ఏసినానన్నా," అన్నాడు.

"అంటే కూసాలకు రంగు ఉండాది."

జయకర్ తల ఊపాడు.

సలాం చేతిలో సుత్తి ఆగింది. సుబ్బరాయుడు బొమ్మను జాగ్రత్తగా గోడకు ఆనించి, టీ డబ్బులిచ్చి జీపెక్కాడు. సలాం జయకర్ వైపు ఒకసారి చూసి, మళ్ళీ మేకు కొట్టుకోవడంలో పడ్డాడు. బొమ్మ తర్వాత తీసుకుపోతానని చెప్పి జయకర్ బస్టాండుకు నడిచాడు. దారిలో పుల్లన్నకు కబురు పెట్టాలనుకున్నాడు. తొండూరు బస్సు ఎదురుగానే నిలబడి ఉంది, ఖాళీగా ఉంది కూడా. ఆయన జమ్మలమడుగు బస్సే ఎక్కాడు. సుబ్బరాయుడు పిలిచి అడుగుతాడు, పుల్లన్న నిజం చెప్తాడు, అక్కడితో అయిపోతుంది, అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

సుబ్బరాయుడు ఎవరినీ పిలవలేదు, అడగలేదు. తోట కొట్టేశారన్న మాట వారం తిరక్కముందే బడికి వచ్చింది. పందిరి తీగెలన్నీ కోసి, ద్రాక్ష మొదళ్ళు నేల మట్టానికి నరికేశారట. చీకట్లో వచ్చినవాళ్ళకు కూసాల రంగుతో పని లేకపోయింది. తెల్లారాక చూస్తే కూసాలు ఉత్త రాళ్ళు. ఒక్కదానికీ చుక్క రంగు లేదు. నరికిన మొదళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయనీ, పుల్లన్న వాటి మధ్య కూర్చుని లేవలేదనీ చెప్పిన మాస్టరు, పాపం, అని ముగించి సుద్దముక్క తీసుకుని క్లాసుకు పోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన వేళ జయకర్ భార్య సుందరమ్మ పుల్లన్న పేరు ఎత్తి ప్రార్థించింది. మావారికి అన్నం పెట్టిన ఇల్లు ప్రభువా, ఆ తోట నరికినవాళ్ళను, నరికించినవాళ్ళను నువ్వే చూసుకో, అంది. చివర ఆమెన్ అనవలసింది జయకర్. ఆయన అన్నాడు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం పుల్లన్నే వచ్చాడు. గుమ్మంలో అతన్ని చూడగానే జయకర్, ఇప్పుడు అడుగుతాడు, తిడతాడు, కొట్టినా కొడతాడు అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. పుల్లన్న చెంబెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ఇంట్లో ఎవరూ వినకుండా గొంతు తగ్గించాడు.

"అయివారూ, సుబ్బరాయుడు నీ మీద ఏస్తాండాడు. కూసాలకు రంగు ఉండాదని నువ్వే చెప్పినావంట. నేను మొగం మీదే అన్నా, మా అయివారు అట్లా అనడు, నీడ రంగని నాకు చూపిచ్చిందే ఆయప్ప అని. నగినారు. సుబ్బరాయుడు తప్పు ఒప్పుకునే రకం కాదు. నువ్వు కొన్నాళ్ళు ఆ పక్కకు రావాకు."

అది చెప్పడానికి అంత దూరం వచ్చాడు. తోట పోయినవాడు, తోట పోగొట్టినవాడికి జాగ్రత్త చెప్పడానికి ఎండలో బస్సులు మారి వచ్చాడు. జయకర్ నోరు తెరిచాడు. సుందరమ్మ మజ్జిగ తెచ్చింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. పుల్లన్న మజ్జిగ తాగి, కాస్త మొహమాటపడుతూ, ఆ బొమ్మ అమ్ముడుపోయిందా అని అడిగాడు. మొదళ్ళు మళ్ళీ చిగురేసినా కాపు చూడటానికి ఏండ్లు పడుతుంది, ఆ లోపల తోట ఎట్లా ఉండిందో మర్చిపోతానేమోనని భయంగా ఉందన్నాడు. జయకర్ ఆ మాట పూర్తి కానివ్వలేదు. సలాం కాడుంది, నీదే, తీసుకుపోప్పా, అన్నాడు. పుల్లన్న కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఆయన చేతులు పట్టుకున్నాడు. ఆ చేతుల్ని వెనక్కి లాక్కోవాలని ఉండి కూడా జయకర్ లాక్కోలేదు.

ఆ తర్వాత ఆయన కుంచె ముట్టలేకపోయాడు. బడిలో పిల్లవాడొకడు కూజా నీడకు నల్ల పెన్సిలు రుద్దుతుంటే దిద్దబోయి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. చెప్పేస్తే గానీ బతకలేననిపించింది. సుబ్బరాయుడు వింటే విననీ, చెయ్యి పోతే పోనీ అనుకున్నాడు. ఒక ఆదివారం ఆరాధన కాగానే తొండూరు బస్సెక్కాడు.

తోట దాటుకునే పుల్లన్న ఇంటికి పోవాలి. పొద్దు బాగా ఎక్కింది. ఆకు లేదు, పందిరి లేదు. కూసాలు మాత్రం వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. ఎండ నేరుగా రాళ్ళ మీద పడుతోంది. ఊదాకు ఎక్కడా చోటు లేదు. ఆయన తల వంచుకుని నడిచాడు.

చౌడమ్మ ఇంటి బయట చెట్టు కింద చెనక్కాయలు వలుస్తోంది. లోపలి నుంచి మాటలు వినపడుతున్నాయి. చుట్టాలెవరో వచ్చినట్టున్నారు. ఆయన్ని చూసి ఆమె లేవలేదు. రా అనీ అనలేదు. వలిచిన గింజలు చాటలో వేసుకుంటూనే ఉంది.

"బొమ్మ తెచ్చుకోనీకి నేనూ పోయినాలే," అంది. "మా ఆయన దాన్ని బస్సు మీద కట్టేటప్పుడు సలాం నాతో చెప్పినాడు. నువ్వు తల ఊపినావంట."

జయకర్ చెప్పులు విడవబోయి ఆగాడు.

"ఒకటి అడుగుతా అయివారూ. నీడ అని చెప్పనీకి ఎంతసేపు పడతాది?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. పుల్లన్నకు చెప్పేద్దామనే వచ్చినా చౌడమ్మా, అన్నాడు. ఆ మాటలో తనకే ఎక్కడో కొంచెం మెప్పు కోసం ఆశ వినపడింది. ఆమెకూ వినపడి ఉంటుంది, చేతులు ఆగాయి.

"చెప్పాకు," అంది. "నువ్వు చెప్పి తేలిగ్గా బస్సెక్కి పోతావు. ఈడ మిగిలింది ఆ బొమ్మొకటే. పొద్దున లేస్తానే దాని ముందర నిలబడతాండాడు. అది ఏసిన చెయ్యి మంచిదనుకుంటాండాడు. అది గూడ నరికిపోతావా?"

చాట పక్కకు పెట్టి, ఆయనకు తాగడానికి నీళ్ళు తేవడానికి లోపలికి పోయింది. అయివారు వచ్చాడని ఆమె చెప్పగా పుల్లన్న బయటికి వచ్చాడు. ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి, వద్దన్నా వచ్చినావే, అని ముద్దుగా విసుక్కుని, ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయాడు.

బొమ్మ ఎదురుగోడకు వేలాడుతోంది. దాని కింద పుల్లన్న చుట్టాలు చాప మీద కూర్చుని ఉన్నారు. పసుపు వెలుగులో కొండ, పందిళ్ళు, కూసాలు, కూసాల మొదళ్ళలో ఆ రంగు. అంత మంచి బొమ్మ తన జన్మలో మళ్ళీ వెయ్యలేనని జయకర్‌కు తెలుసు. దాని వైపు చూడటానికి ముఖం చెల్లక నేల చూశాడు.

"వీళ్ళు గూడ రంగు రంగంటాండారు అయివారూ," అన్నాడు పుల్లన్న. "నేను చెప్తే నమ్మరు. నువ్వు చెప్పు."

గుమ్మం దగ్గర చౌడమ్మ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"అది రంగు కాదు," అన్నాడు జయకర్. "నీడ. పొద్దున పూట నీడ అట్లనే ఉంటాది."

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన కళ్ళు చికిలించి చూసి, అవునప్పా, అన్నాడు. పుల్లన్న ముఖం విప్పారింది. చౌడమ్మ చెంబు అందించింది. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.